మా తమ్ముడికి రాని టైఫాయిడ్ గురించి ఆరోగ్య శాఖకు ఒక బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖల పెద్దలకు నమస్కారం.

ప్రభుత్వ ఆసుపత్రుల ల్యాబుల్లో ఇరవై ఎనిమిదేళ్లు టెక్నీషియన్‌గా చేసి రిటైరయ్యాను. చివరి పదకొండేళ్లు మైక్రోబయాలజీ సెక్షన్‌లోనే గడిచాయి. అధికారులకు ఉత్తరాలు రాసే అలవాటు నాకు లేదు. పోయిన కార్తీకంలో మా తమ్ముడికి జ్వరం రాకపోయుంటే ఇదీ రాసేదాన్ని కాదు.

వాడిది పలమనేరు దగ్గర పల్లె. నాలుగు ఆవులున్నాయి, తెల్లారకముందే లేచి గట్ల మీద గడ్డి కోసుకొస్తాడు. జ్వరం పట్టుకున్న మూడో రోజు టౌన్లో ఒక చిన్న ఆసుపత్రికి వెళ్తే రక్తం తీశారు. అరగంటలో చీటీ చేతికిచ్చారు. టైఫాయిడ్‌కు చేసే వైడాల్ రక్త పరీక్ష పాజిటివ్, ‘ఓ’ 1:160, ‘హెచ్’ 1:160. మా వైపు వీటిని పాయింట్లు అంటారు. "అక్కా, టైఫాయిడ్ నూట అరవై పాయింట్లు ఉందంట" అని ఫోన్ చేశాడు. చేతికి కాన్యులా పెట్టారు. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్, మధ్యలో సెలైన్. అమ్మ పత్యం మొదలుపెట్టింది: ఇడ్లీ, బ్రెడ్డు, చప్పిడి పప్పు. ఏడు రోజులైనా జ్వరం 103 దగ్గరే ఉంది. ఎనిమిదో రోజు మళ్లీ అదే టెస్ట్ చేసి "పాయింట్లు తగ్గలేదు" అని ఇంకో ఇంజెక్షన్‌కు మార్చారు, అది ఇంకా ఖరీదు. రెండు నెలల పాల డబ్బులు అప్పటికే అయిపోయాయి.

నేను వెళ్లింది ఆ సాయంత్రమే. వాడు మంచం మీద మూలుగుతున్నాడు, అమ్మ తడిగుడ్డతో ఒళ్లు తుడుస్తోంది. లుంగీ కాస్త కిందికి జరిపి నడుము తుడవబోయి ఆగింది.

"ఇక్కడెక్కడ కాల్చుకున్నావురా?"

మొలతాడు కింద, ఎడమ పక్కన, బఠాణీ గింజంత నల్లటి పెచ్చు. చుట్టూ ఎర్రటి అంచు. బీడీ చురక పెట్టినట్టే ఉంది. అక్కడ ఒకటుందన్న సంగతి వాడికే తెలీదు. నొప్పి లేదు, దురద లేదు. అప్పటికి ముగ్గురు డాక్టర్లు వాణ్ని చూశారు. నాలుక చూశారు, పొట్ట నొక్కారు, చీటీ చదివారు. మొలదాకా మాత్రం ఎవరూ చూడలేదు.

ఆ పెచ్చును వైద్యంలో ఎస్కార్ అంటారు. స్క్రబ్ టైఫస్ అనే జ్వరానికి అది చేవ్రాలు లాంటిది. గడ్డిలో, పొదల్లో ఉండే కంటికి ఆనని పురుగు పిల్లలు కుట్టినచోట ఏర్పడుతుంది. బట్ట బిగిసే చోటు, చంక, గజ్జ, మొలతాడు కింద, ఆడవాళ్లకైతే రొమ్ముల కింద, ఇలా దాక్కునే చోట్లలోనే ఎక్కువగా ఉంటుంది. అది అందరిలో కనబడదు. కనబడితే మాత్రం ఇక టెస్టుల కోసం ఎదురుచూస్తూ కూర్చోవాల్సిన పనిలేదు. వాణ్ని ఆ రాత్రే పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం. డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరమ్మ పెచ్చు చూసిన ఐదు నిమిషాల్లో డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు రాసింది. రెండో రోజు రాత్రికి జ్వరం దిగింది. పది మాత్రల షీటు ఖరీదు ఎంతంటారా, ఆసుపత్రి బయట టీ, బజ్జీలకు మేం పెట్టింది అంతకంటే ఎక్కువే.

(ఇది చదివి జ్వరమొస్తే మెడికల్ షాపుకెళ్లి డాక్సీ కొనుక్కోకండి. నేను చెప్పబోయేది సరిగ్గా దానికి వ్యతిరేకం.)

ఆ ముగ్గురు డాక్టర్లనో, ఆ చిన్న ఆసుపత్రినో తిట్టడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. తిట్టాలంటే ముందు నన్ను నేను తిట్టుకోవాలి. ఆ చీటీ ఎలా తయారవుతుందో నాకు బాగా తెలుసు, అలాంటివి వేలల్లో రాసిచ్చాను.

తెల్లటి స్లైడు మీద రోగి సీరం, అంటే రక్తం గడ్డకట్టాక పైన తేరే పలచటి నీరు, చుక్కలుగా వేస్తాం. ఒకదాని మీద ‘ఓ’ యాంటిజెన్ (చంపిన టైఫాయిడ్ బ్యాక్టీరియా కలిపిన ద్రావణం), అది నీలం రంగు. ఇంకోదాని మీద ‘హెచ్’ యాంటిజెన్, ఎరుపు. పుల్లతో కలిపి ఒక నిమిషం అటూ ఇటూ ఊపుతాం. మజ్జిగ విరిగినట్టు పలుకులు కడితే పాజిటివ్. సీరం ఎంత తక్కువ వేసినా పలుకు కడుతోందో చూసి అంకె రాస్తాం. 20 మైక్రోలీటర్లకు కడితే 1:80, 10కి కడితే 1:160, 5కి కడితే 1:320. పద్ధతి ప్రకారం ఇలా ఒక్కోటీ చూడాలి, అనుమానం వస్తే ట్యూబుల్లో రాత్రంతా పెట్టి మళ్లీ చూడాలి. సోమవారం ఓపీలో అరవై శాంపిళ్లు ముందుంటే ఎవరూ అలా చూడరు. ఒక చుక్క వేస్తాం, ఊపుతాం, పలుకు చిక్కగా ఉంటే 160, పలచగా ఉంటే 80. నేనూ అలాగే రాశాను. టెన్షన్‌లో ఒక చీటీ ఇంకొకరికి వెళ్లకుండా చూసుకోవడమే గగనం.

పద్ధతిగా చేసినా ఆ టెస్టు సూక్ష్మజీవిని చూడదు, అసలు చిక్కు అదీ. మన ఒంట్లో ఆ సూక్ష్మజీవి మీద తయారైన యాంటీబాడీలను చూస్తుంది. అవి ఇప్పటి జ్వరానివో, మూడేళ్ల కిందటి జ్వరానివో, ఎప్పుడో వేయించుకున్న టీకావో, టైఫాయిడ్‌కు చుట్టరికం ఉన్న ఇంకో బ్యాక్టీరియావో దానికి తేడా తెలీదు. నీళ్లు బాగాలేని చోట పుట్టి పెరిగిన మనలో చాలామందికి ఆ యాంటీబాడీలు ఎంతో కొంత ఉండనే ఉంటాయి. అందుకే పది పద్నాలుగు రోజుల తేడాతో రెండుసార్లు రక్తం తీసి, అంకె నాలుగు రెట్లు పెరిగితేనే లెక్కలోకి తీసుకోవాలని పుస్తకాల్లో ఉంటుంది. పది రోజులాగి రెండోసారి రక్తం ఇచ్చిన రోగిని ఇన్నేళ్లలో నేను చూడలేదు. ఫెర్నాండ్ వైడాల్ ఈ పరీక్షను పారిస్‌లో ప్రకటించింది 1896లో. అప్పటికి అది అద్భుతమే, ఎవరూ కాదనరు. కానీ నూట ముప్పై ఏళ్లుగా అదే స్లైడు ఊపుతున్నాం. కొత్తగా వచ్చిన పదిహేను నిమిషాల కార్డు టెస్టులు కూడా వెతికేది యాంటీబాడీలనే, చూడ్డానికి నాజూగ్గా ఉంటాయంతే.

టైఫాయిడ్ అన్న మాటలోనే ఈ గందరగోళం ఉంది. ఆ పేరుకు అర్థమే ‘టైఫస్ లాంటిది’. ఆ టైఫస్ పేల వల్ల వచ్చే ఇంకో జ్వరం. ఆ రెండూ ఒకటి కాదని, ఒకదానిలో పేగుల్లో పుళ్లు పడతాయి, రెండోదానిలో పడవని 1837లో ఫిలడెల్ఫియాలో గెర్హార్డ్ అనే డాక్టరు శవాలను కోసి చూసి తేల్చాడు. ఆ తర్వాత వందేళ్లకు పైగా గడిచాక 1948లో కౌలాలంపూర్‌లో ఇంకో విచిత్రం జరిగింది. స్మాడెల్, వుడ్‌వర్డ్ అనే అమెరికన్ డాక్టర్లు స్క్రబ్ టైఫస్‌కు క్లోరాంఫెనికాల్ అనే కొత్త మందు పనిచేస్తుందేమో అని అక్కడి రోగులకు ఇచ్చి చూస్తున్నారు. స్క్రబ్ టైఫస్ అనుకుని మందు ఇచ్చినవాళ్లలో టైఫాయిడ్ ఉన్నవాళ్లు తేలారు. వాళ్లకూ జ్వరం తగ్గింది. అంతవరకూ మందే లేని టైఫాయిడ్‌కు మందు దొరికింది అలా. వాళ్లదీ పొరపాటే, మనదీ పొరపాటే. అయితే వాళ్లు రోగి ఒంట్లో ఉన్నదేమిటో ల్యాబులో వెతికారు కాబట్టి ఆ పొరపాటు లోకానికి ఒక మందునిచ్చింది. మన పొరపాటు మా తమ్ముడికి బిల్లు మిగిల్చింది.

వాడికి చివరికి పనిచేసిన మందు వెనక మన భీమవరం మనిషి ఉన్నాడు. యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ అనే మందుల కంపెనీ పరిశోధన విభాగాన్ని నడిపిన రోజుల్లోనే, అక్కడ డగ్గర్ అనే డెబ్బై దాటిన వృక్ష శాస్త్రవేత్త మిస్సోరీ నుంచి వచ్చిన ఒక మట్టి శాంపిల్లో బంగారు రంగు సూక్ష్మజీవిని పట్టుకున్నాడు. దాని నుంచి వచ్చిందే ఆరియోమైసిన్, టెట్రాసైక్లిన్ల కుటుంబంలో మొదటిది. 1948లో దాన్ని ప్రపంచానికి చెప్పారు, ఆ ఆగస్టులోనే సుబ్బారావు గారు పోయారు. డాక్సీసైక్లిన్ ఆ కుటుంబంలో తర్వాతి తరం పిల్ల. గుప్పెడు మట్టిలోంచి ఒకదాన్ని ఏరి, పెంచి, అది దేన్ని చంపుతుందో దేన్ని చంపదో ప్లేటు మీద చూసి తేల్చుకున్నారు. పేషెంటు రక్తంతో కూడా మనం చేయాల్సింది ఇంతే.

దాన్నే కల్చర్ అంటారు, రక్తంలోని బ్యాక్టీరియాను ల్యాబులో పెంచి చూడటం. అదెలాగో మీలో డాక్టర్లు కానివాళ్ల కోసం, నేను చేసినట్టే చెబుతాను.

టైఫాయిడ్ రోగి రక్తంలో బ్యాక్టీరియా చీమల్లా పాకుతుంటుందని అనుకుంటారు. అలా ఉండదు. చాలామందిలో ఒక మిల్లీలీటరు రక్తానికి ఒక్కటి కూడా ఉండదు. అందుకే పెద్దవాళ్లకు ఒక్కో కల్చర్ బాటిల్‌కు 8 నుంచి 10 మిల్లీలీటర్లు తీయాలి. "ఇంత రక్తమా!" అని పేషెంటు తరఫువాళ్లు కేకలేస్తారని, సిస్టర్లు రెండు మిల్లీలీటర్లు తీసి పంపేవాళ్లు. చెరువంతటికీ నాలుగు చేపలుంటే చెంబుతో ముంచి వెతికినట్టు ఉండేది మా పని. ఇంకోటి, మందు మొదలుపెట్టకముందే తీయాలి. మా ల్యాబుకు వచ్చిన బాటిళ్లలో సగానికి సగం మీద ‘యాంటీబయాటిక్ నాలుగో రోజు’ అని రాసుండేది. అందులో పెరిగేది ఏముంటుంది?

అన్నీ సరిగ్గా జరిగితే మర్నాడో, ఆ మర్నాడో మెషీన్ కూస్తుంది. బాటిల్లో పెరిగే బ్యాక్టీరియా వదిలే గాలిని పసిగట్టి కూస్తుందది. ఒక చుక్క తీసి గ్రామ్ స్టెయిన్ అనే రంగు వేసి మైక్రోస్కోప్‌లో చూస్తే గులాబీ రంగు కడ్డీలు. బ్యాక్టీరియా పెరగడానికి మేత పోసిన మెకాంకీ ప్లేటు మీద గీస్తే మర్నాటికి రంగులేని, నీటి బొట్ల లాంటి చిన్న చిన్న కాలనీలు. వాటిలో ఒకదాన్ని తీసి యాంటీసీరంతో, అంటే టైఫాయిడ్ బ్యాక్టీరియాను పట్టే యాంటీబాడీలున్న సీరంతో, కలుపుతాం. పలుకు కడుతుంది. పైకి చూస్తే వైడాల్ లాగే ఉంటుంది గానీ ఇక్కడ లెక్క తిరగబడింది. వైడాల్‌లో సీసాలోని బ్యాక్టీరియాతో రోగి సీరాన్ని చూస్తాం, ఇక్కడ సీసాలోని సీరంతో రోగి ఒంట్లోంచి వచ్చిన బ్యాక్టీరియానే పట్టుకుంటాం.

తర్వాతి పని నాకు అన్నిటికంటే ఇష్టం. ముల్లర్ హింటన్ అగార్ ప్లేటు 4 మిల్లీమీటర్ల మందం పోయాలి. దోసె లాగే, మందం తేడా వస్తే ఫలితం తేడా వస్తుంది. పలచగా పోస్తే పనికిరాని మందు కూడా పనిచేస్తున్నట్టు చూపిస్తుంది. దాని మీద బ్యాక్టీరియాను దూదిపుల్లతో మూడు వైపులా పులిమి, మందు అద్దిన 6 మిల్లీమీటర్ల కాగితం బిళ్లలు పెట్టి, రాత్రికి ఇంక్యుబేటర్లో ఉంచుతాం. పొద్దున తీసి వెలుతురుకు పెడితే ప్లేటంతా పొగమంచు లాంటి పొర, బిళ్లల చుట్టూ గుండ్రంగా ఖాళీ. ఆ ఖాళీని స్కేలుతో కొలుస్తాం. సెఫ్ట్రియాక్సోన్ బిళ్ల చుట్టూ 23 మిల్లీమీటర్లు, ఆపైన ఉంటే మందు పనిచేస్తుంది. 19, ఆలోపు ఉంటే ఇవ్వడం దండగ. ఒకప్పుడు టైఫాయిడ్‌కు కళ్లు మూసుకుని రాసే సిప్రోఫ్లాక్సాసిన్ బిళ్ల చుట్టూ ఖాళీ ఏడాదికేడాది ఎలా చిక్కిపోయిందో నా కళ్లతో చూశాను. పేపర్లో రాకముందే ప్లేటు చెప్పింది.

కల్చర్ కూడా దేవుడేం కాదు. నిజంగా టైఫాయిడ్ ఉన్న పదిమందిలో ఇంచుమించు నలుగురిని అది పట్టుకోలేదు. అంతెందుకు, మా తమ్ముడి రక్తం మొదటి రోజే కల్చర్‌కు పంపినా ఏమీ పెరిగేది కాదు. స్క్రబ్ టైఫస్ క్రిమి మన కణాల లోపల బతుకుతుంది, ప్లేట్ల మీద పెరగదు. బ్యాక్టీరియా గోడను కొట్టే సెఫ్ట్రియాక్సోన్ లాంటి మందులూ దానిమీద పనిచేయవు. కానీ మూడో రోజుకు ‘ఏమీ పెరగలేదు’ అన్న రిపోర్టు వచ్చి, జ్వరం కూడా తగ్గకపోతే, ఎవరో ఒకరు "ఇది టైఫాయిడ్ కాదేమో, ఒళ్లంతా చూద్దాం" అనుకునేవారు. దొరకనప్పుడు దొరకలేదనే చెబుతుంది కల్చర్. వైడాల్ చీటీ లేనిదాన్ని ఉందని చెప్పి, ఇక వెతకకుండా చేసింది.

"మూడు రోజులు ఎవరు ఆగుతారమ్మా, పేషెంటు పక్క వీధి ఆసుపత్రికి పోతాడు" అని డాక్టర్లు నాతో చాలాసార్లు అన్నారు. ఆగమని ఎవరూ అడగడం లేదు. ముందు రక్తం తీయండి, తర్వాత మీకు తోచిన మందు మొదలుపెట్టండి, రిపోర్టు వచ్చాక దిద్దుకోండి. రక్తం తీయడానికి ఐదు నిమిషాలు. జ్వరం పేరు చెప్పకపోతే పేషెంటు ఒప్పుకోడన్నది మాత్రం నిజం. మన జనానికి ‘పాయింట్లు’ కావాలి. ఆ చీటీ వెనక నడిచే కమీషన్ల సంగతి మీకు తెలియనిది కాదు, నేను విడమరచి రాయను.

ఇప్పుడు రెండు హైదరాబాదుల కథ చెబుతాను. 2016 నవంబర్ నుంచి పాకిస్తాన్‌లోని సింధ్ హైదరాబాద్‌లో పిల్లలకు టైఫాయిడ్ మొదలైంది. మామూలు మందులు సరే, సెఫ్ట్రియాక్సోన్ కూడా పనిచేయలేదు. నోటి మందుల్లో అజిత్రోమైసిన్ ఒక్కటే మిగిలింది, అది కాకపోతే పెద్ద ఐసీయూ ఇంజెక్షన్లే. ఈ సంగతి బయటపడింది కరాచీలోని ఆగాఖాన్ యూనివర్సిటీ ల్యాబ్ ఆ రక్తాలను కల్చర్ చేసింది కాబట్టే. ఆ బ్యాక్టీరియా జన్యువులను చదివితే, అది ఇ.కోలై అనే ఇంకో బ్యాక్టీరియా దగ్గర్నుంచి ఒక ప్లాస్మిడ్‌ను, అంటే చేతులు మారే జన్యువుల ముక్కను, అరువు తెచ్చుకుని సెఫ్ట్రియాక్సోన్‌ను ఎదిరించడం నేర్చుకుందని 2018లో తేలింది. వాళ్లు కూడా స్లైడు ఊపి ‘160 పాయింట్లు’ అని రాసుకుని ఊరుకుంటే, ఇంజెక్షన్లు పొడుస్తూ పిల్లల్ని పోగొట్టుకుంటూ ఉండేవాళ్లు, ఎందుకో కూడా తెలిసేది కాదు.

ఆ ఊళ్లో పిల్లలకు వేసిన టీకా ఎక్కడిదనుకున్నారు? మన హైదరాబాద్‌దే. జినోమ్ వ్యాలీలో భారత్ బయోటెక్ తయారుచేసిన టైప్‌బార్ టీసీవీ. 2019లో పాకిస్తాన్ దాన్ని తన పిల్లల మామూలు టీకాల్లో చేర్చింది, అలా చేర్చిన మొదటి దేశం అదే. బయలాజికల్ ఇ కంపెనీది ఇంకో టైఫాయిడ్ టీకా ఉంది, అదీ మన ఊరిదే. ఇక్కడి టీకా అక్కడ ఎంతమందికి అవసరమో వాళ్లు లెక్క తేల్చుకోగలిగారు. ఇక్కడ, దాన్ని తయారుచేసే ఊళ్లో, ఏ మండలంలో నిజంగా ఎంత టైఫాయిడ్ ఉందో చెప్పగలవారెవరు? వైడాల్ చీటీలు కూడితే వచ్చే అంకెలో మా తమ్ముడు కూడా ఉంటాడు.

ప్రతి వానాకాలం పేపర్లలో ‘మన్యంలో విషజ్వరాలు’ అని వస్తుంది. ఎప్పుడైనా ఆ మాట గురించి ఆలోచించారా? విషజ్వరం అనే జబ్బు లేదు. అది ఏ జ్వరమో ఎవరూ చూడలేదని చెప్పడానికి మనం పెట్టుకున్న మర్యాద పేరు అది.

అయ్యా, అమ్మా, ఇక అడగాల్సినవి అడుగుతాను.

క్షయకు కూడా ఇలాంటి రక్త పరీక్షే ఒకటి ఉండేది, యాంటీబాడీలను చూసేది. లక్షలమంది డబ్బు పోసి చేయించుకున్నారు. అది తప్పుదోవ పట్టిస్తోందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో చెప్పింది, 2012 జూన్‌లో కేంద్ర ప్రభుత్వం దాని తయారీ, దిగుమతి, అమ్మకం అన్నీ నిషేధించింది. ప్రైవేటు ల్యాబులు మూతపడలేదు, ఆకాశం కూలలేదు. తర్వాత కళ్లెలో క్షయ క్రిమినే నేరుగా వెతికే సీబీనాట్ మెషీన్లు జిల్లా జిల్లాకూ వచ్చాయి. వైడాల్‌ను నిషేధించడం మీ చేతుల్లో లేకపోవచ్చు, అది ఢిల్లీ పని. కానీ మీ ఆసుపత్రుల్లో ఒక్క వైడాల్ చీటీని చూసి టైఫాయిడ్ అని కేసు షీటులో రాయకూడదని, మీ వారపు లెక్కల్లోకి దాన్ని ఎక్కించకూడదని సర్క్యులర్ ఇవ్వడానికి మీకు ఎవరి అనుమతి కావాలి? ప్రైవేటు ల్యాబులను, చీటీ కింద ‘ఈ పరీక్ష ఒక్కటే టైఫాయిడ్‌ను నిర్ధారించదు’ అని తెలుగులో ఒక్క వాక్యం అచ్చేయమనండి.

రెండోది బాటిళ్లు. ఏరియా ఆసుపత్రుల్లో, సీహెచ్‌సీల్లో కొత్తగా ల్యాబులు కట్టమని అడగడం లేదు. కల్చర్ మెషీన్లు, మైక్రోబయాలజిస్టులు బోధనాసుపత్రుల్లో ఉన్నారు. తెలంగాణలో 2018 నుంచి పీహెచ్‌సీల శాంపిళ్లు వ్యాన్లలో డయాగ్నస్టిక్ హబ్‌కు వెళ్తున్నాయి కదా, ఆ వ్యాన్‌లోనే కల్చర్ బాటిల్ కూడా ఎక్కుతుంది. ఆంధ్రలోనూ అలాంటి దారి వేయొచ్చు. ఒక్క జాగ్రత్త: టీకాల అలవాటు కొద్దీ ఎవరైనా దాన్ని ఐస్ బాక్సులో పెట్టేస్తారు. కల్చర్ బాటిల్ చల్లబడకూడదు, మామూలు గది వేడిలో ఉంటే చాలు. ఈ సంగతి తెలియక పాడైన బాటిళ్లు నేను ఎన్ని పారేశానో! సిస్టర్లకు ఒక పూట శిక్షణ చాలు: చర్మం శుభ్రంగా తుడిచి ఆరనివ్వడం, సరిపడా రక్తం తీయడం, మందుకు ముందే తీయడం. తుడవకుండా తీస్తే చర్మం మీది స్టెఫైలోకాకస్ అనే బ్యాక్టీరియా పెరుగుతుంది, మళ్లీ దానికో మందు రాస్తారు.

ఆ బాటిళ్లతో పాటు జిల్లా ల్యాబుకు స్క్రబ్ టైఫస్‌కు చేసే ఐజీఎం ఎలైజా రక్త పరీక్ష కిట్లు కూడా అందనివ్వండి. వానలు వెళ్లి చలి పడే నెలల్లో జ్వరంతో వచ్చినవాళ్లను, తెర చాటుకు తీసుకెళ్లి, తల నుంచి మొలదాకా ఒక్కసారి చూడమని డాక్టర్లకు చెప్పండి. దానికి బడ్జెట్ అక్కర్లేదు, ఒక తెర చాలు.

ఇంకొక్కటి. కల్చర్లు చేసిన ప్రతి బోధనాసుపత్రిలోనూ ఏ మందు ఏ బ్యాక్టీరియా మీద ఎంత పనిచేస్తోందో పట్టిక తయారవుతుంది, యాంటీబయోగ్రామ్ అంటారు. మేం కష్టపడి తయారుచేసిన ఆ పట్టిక విభాగాధిపతి (హెచ్‌ఓడీ) గదిలో ఫైల్లో పడుంటుంది, తనిఖీ వచ్చినప్పుడు మాత్రం బయటికి తీస్తారు. ఆరు నెలలకోసారి దాన్ని ఒక్క పేజీ చేసి ఆ జిల్లాలోని ప్రతి డాక్టరు ఫోన్‌కు పంపండి. పలమనేరులో ఏ మందు రాయాలో ఎక్కడో ఢిల్లీ పుస్తకం కంటే చిత్తూరు ప్లేటే బాగా చెబుతుంది.

నవంబర్ 18 నుంచి 24 దాకా ఏటా యాంటీబయాటిక్‌ల అవగాహన వారం జరుపుతారు. మా ఆసుపత్రిలోనూ ర్యాలీ తీసేవాళ్లం, ఫ్లెక్సీ పట్టుకుని నేనూ నడిచాను. ‘అనవసరంగా యాంటీబయాటిక్స్ వాడకండి’ అని దాని మీద ఉంటుంది. అవసరమో అనవసరమో రైతుకు ఎలా తెలుస్తుంది? మా తమ్ముడు కాన్యులా పెట్టించుకుని పడుకున్నది కూడా ఆ వారంలోనే.

వాడు ఇప్పుడు బాగానే ఉన్నాడు. మళ్లీ గడ్డికి వెళ్తున్నాడు. ఇంటికి రాగానే వేణ్ణీళ్లతో స్నానం, బట్టలు వెంటనే ఉతకడం అమ్మ ఆర్డరు. మొన్న వాడి పాత ఫైలు తిరగేశాను. మొదటి ఆసుపత్రి డిశ్చార్జి కాగితం మీద ‘ఎంటరిక్ ఫీవర్’ అని ఉంది, అంటే టైఫాయిడ్. రెండో ఆసుపత్రి కాగితం మీద ‘స్క్రబ్ టైఫస్’ అని ఉంది. ఫోన్లో హెల్త్ కార్డు తెరిచి చూస్తే మొదటిది మాత్రమే ఎక్కింది. రేపు ఎప్పుడైనా జ్వరమొచ్చి ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్తే "నీకు ఇంతకుముందు టైఫాయిడ్ వచ్చిందిగా" అనే మొదలుపెడతాడు, వైడాల్‌లో ఆ 160 ఎలాగూ మళ్లీ వస్తుంది. ఆ ఒక్క లైను కొట్టేయించడానికి ఏ ఆఫీసులో, ఏ కౌంటర్‌లో దరఖాస్తు పెట్టుకోవాలో చెబితే, సోమవారం పాలు పోసి రాగానే ఇద్దరం బయల్దేరతాం.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ల్యాబ్ టెక్నీషియన్,
చిత్తూరు జిల్లా